తెల్లబూరుగు రెక్క

మా నాన్నగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. పోయే ముందు ఆయన గీసిన గ్లైడరు బొమ్మ ఒకటి, చుట్టచుట్టి, మా బీరువా మీద ఇరవై ఏళ్ళ పైనే ఉంది. ఇంజను లేని విమానం అది. దారం కట్టి గాలిపటంలా పైకి లాగితే, దారం ఊడిపోయాక తనంతట తాను గాలిలో తేలుతూ తిరగాలి. రెక్కల పొడవు నా బారెడు. అంత పెద్దది మేమెప్పుడూ కట్టలేదు. దానికి కావలసినంత బల్సా కర్ర ఒక్కసారే కొనడం నాన్నగారికి ఎన్నడూ కుదరలేదు.

విమానాలు కట్టడం నాకు ఆయనే నేర్పారు. ఆ మాటకొస్తే అన్నీ ఆయనే నేర్పారు. తొమ్మిదో ఏట కీళ్ళజ్వరం వచ్చి నా గుండె దెబ్బతింది. పరుగెత్తకూడదు, బరువులెత్తకూడదు, బడికి నడవకూడదు అన్నారు. నాన్నగారు బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని నాకు లెక్కలు, తెలుగు, కొంచెం ఇంగ్లీషు చెప్పి, ఆ తర్వాత ఒక బ్లేడు, ఒక బల్సా పలక చేతికిచ్చేవారు. అరచేతిలో పెడితే ఉందో లేదో తెలియని కర్ర. నన్ను బడికి పంపని మా ఉపమాక కొండమీది స్వామే ఆ కర్రని ఓడ ఎక్కించి ఇంటికి పంపాడని అనుకునేదాన్ని. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ సంగతి తలుచుకుని దండం పెట్టుకుంటాను.

నాకు పెళ్ళి కాలేదు. అన్నయ్య, వదినల దగ్గరే ఉంటున్నాను. అన్నయ్య తాసిల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కొలతలు అన్నయ్యవి, కోత నాది, వెక్కిరింత వదినది. అలా చిన్నవీ చితకవీ చాలా కట్టాం.

పోయిన ఏడాది వానల్లో విశాఖలో కళ్ళ డాక్టరుగారు అన్నయ్యకి నీటికాసులని చెప్పారు. అప్పటికే పక్క చూపు పోయింది. చుట్టూ చీకటి, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు ఒక చిన్న గుండ్రం మిగిలింది. "చలికాలం దాటితే ఎంత ఉంటుందో చెప్పలేను. చూడాలనుకున్నవి చూసెయ్యండి" అన్నారట. బస్సు దిగి ఇంటికొచ్చిన అన్నయ్య చెప్పులు కూడా విప్పకుండా బీరువా మీదికి చెయ్యి చాపాడు.

"చెల్లీ, నాన్న బొమ్మ తీయి. ఇది ఎగరడం నేను చూడాలి."

చెన్నైలో మేము ఎప్పుడూ తెప్పించుకునే కొట్టుకి ఫోను చేశాను. "గాలిమరల రెక్కల్లో పెట్టడానికి బల్సా అంతా పెద్ద కంపెనీలు ఎత్తుకుపోతున్నాయమ్మా. మా దాకా ముక్కలే వస్తున్నాయి" అన్నాడాయన. ఒకప్పుడు పది పలకలు వచ్చే డబ్బుకి మూడు చెప్పాడు. మాకు కావలసింది ముప్ఫై.

"ఆ డబ్బెట్టితే టేకు గుమ్మమే వచ్చీసేది" అంది వదిన. "ఓలమ్మో, గాలిలో ఎగిరీదానికి అంత ఖరీదేటి? థర్మాకోలు పెట్టి కట్టీరాదా?"

"నాన్న బొమ్మకి థర్మాకోలా?" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర తెప్పించి చూశాను. నునుపుగా తెగింది గానీ బరువు. పెళ్ళి బాసికాలకి వాడే జీలుగు బెండు తేలికే, పట్టుకుంటే విరిగిపోయింది. వెదురు చీల్చి నడికర్ర చేశాను, అది పనికొచ్చింది. రెక్కల లోపలి పక్కటెముకలకి మాత్రం ఏదీ కుదరలేదు. బూరుగు, బల్సా చుట్టాలేనని నాన్నగారు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి, మా వీధి చివర వడ్రంగి తాతగారిని అడిగాను. నాలుగో రోజు ఆయనే పలకలు సైకిలుకి కట్టుకుని వచ్చాడు.

"ఎత్తి సూడండమ్మాయిగోరూ."

ఎత్తాను. ఇంకా తడి ఆరలేదు, అయినా చేతికి బరువు తగల్లేదు.

"తెల్లబూరుగు. కిష్టదేవిపేట రోడ్డు ఎడల్పు సేస్తన్నారు కదా, మిసను తోటి పడగొట్టీసినారు. పొయ్యిలోకి కూడా ఎవులూ పట్టుకెల్లనేదు. నానే ఓ మొద్దు ఏయించుకొచ్చి కోయించినాను."

డబ్బులు తీసుకోలేదు. మిగిలిన పలకలు కూడా తన దగ్గర ఉంచుకోనన్నాడు. ఎందుకని అడిగితే గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"సెట్టు కొట్టీముందు అడగాల కదమ్మా. ముందురోజు గొడ్డలి సెట్టుకి ఆనించీసి, పసుపూ కుంకం ఎట్టి, 'దీని మీద ఎవులన్నా ఉంటే తప్పుకోండి తల్లీ, రేపు కొడతన్నాం' అనాల. తెల్లారీసరికి గొడ్డలి పడిపోయుంటే ఇంక ఆ సెట్టు జోలికెల్లకూడదు. మిసనోడికి ఇయన్నీ ఏటి తెలుస్తాయి? ఎవులూ అడగనేదు." సైకిలు తిప్పుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఓ ముద్ద ఎట్టీసి, దణ్ణం ఎట్టీసుకుని, అప్పుడే కత్తెట్టండి."

అలాంటివి నేను కొట్టిపారెయ్యను. మర్నాడు మధ్యాహ్నం వేడన్నంలో పెసరపప్పు, నెయ్యి కలిపి ముద్ద చేసి, విస్తరాకు ముక్కలో మా గుమ్మంలో పెట్టాను. పసుపు చల్లాను. "అడక్కుండా కొట్టినవాళ్ళ తరఫున నేను అడుగుతున్నాను. మా అన్నయ్య కళ్ళుండగా ఇది ఎగరాలి. అంతవరకు దయ ఉంచండి" అని దండం పెట్టుకున్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆకు ఖాళీ. మెతుకు లేదు. నెయ్యి జిడ్డు కూడా లేదు. ఆకు కడిగి ఆరబెట్టినట్టు ఉంది. కాకి అరిచిన చప్పుడు నేను వినలేదు.

"పిల్లి తినీసుంటాది" అంది వదిన.

"మన వీధిలో పిల్లి ఎక్కడుంది వదినా?"

"మరైతే నువ్వే తినీసి మర్సిపోయుంటావు."

ఆ మర్నాడు నేను భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు. ఒకరోజు పిలిచి పెట్టి, రెండో రోజు చూడనట్టు తినడం ఎలా? లేచి మళ్ళీ ఒక ముద్ద గుమ్మంలో పెట్టాను. అప్పట్నుంచి అది రోజూ అలవాటైపోయింది. ఆకు రోజూ అలాగే ఖాళీ అయ్యేది. నేను నిలబడి చూస్తున్నంతసేపు ముద్ద అలాగే ఉండేది. అటు తిరిగి ఇటు తిరిగితే ఉండేది కాదు. కొన్నాళ్ళకి నిలబడి చూడటం మానేశాను. తినేవాళ్ళని అలా చూడకూడదు కదా.

పలకలు నీడలో ఆరాయి. సన్నగా చిత్రికపట్టి ఒక్కొక్క పక్కటెముకా కోశాను. అలాంటి కర్రని నేనెప్పుడూ కొయ్యలేదు. బ్లేడు పెట్టకముందే దారి ఇచ్చేది. నాన్నగారి గీత మీద నుంచి వెంట్రుకవాసి తప్పలేదు. రోజంతా కూర్చున్నా నాకు ఆయాసం రాలేదు. ఇంత మంచి కర్రనిచ్చినందుకు ఉపమాక స్వామికి దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆ దండం ఎటు వెళ్తోందో అప్పుడు ఆలోచించలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇల్లు సద్దుమణుగుతుంది. వదిన పడుకుంటుంది. అన్నయ్య కళ్ళలో చుక్కలు వేయించుకుని, రెప్పలు మూసుకుని పడక్కుర్చీలో వాలతాడు. వీధిలో ఎండ తప్ప ఎవరూ ఉండరు. ఆ వేళకి కర్ర చప్పుడు చేసేది. టక్ మని ఒకటి. కాసేపాగి ఇంకొకటి. పచ్చికర్ర ఆరేటప్పుడు అలా అంటుందని నాకు తెలుసు. తెలియనిదల్లా ఒకటే. నేను "ఊఁ" అంటే అది ఆగిపోయేది.

ఎడమ రెక్క ఒక్కటే మాట వినలేదు. జిగురు పెట్టి, బల్ల మీద చదునుగా పరిచి, పైన నాన్నగారి బైండు పుస్తకాలు పెట్టేదాన్ని. తెల్లారేసరికి పుస్తకాలు పుస్తకాల్లాగే ఉండేవి, వాటి కిందనుంచి రెక్క చివర నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉండేది. అది పడమటి కిటికీ వైపు, అంటే కృష్ణదేవిపేట వైపు కొస. ఆవిరి పట్టి వంచాను. రుబ్బురోలు పొత్రం తెచ్చి పెట్టాను. బల్లని అటుదిటు తిప్పాను. తిప్పిన మర్నాడు ఆ కొస అణిగి, రెండో కొస లేచింది. అప్పుడూ లేచింది పడమటి వైపుదే.

గ్లైడరు రెక్కల కొసలు కొంచెం పైకే ఉండాలి. ఒరిగినప్పుడు అదే నిలబెడుతుంది. నాన్నగారి బొమ్మలో రెండు వేళ్ళుంది. చివరికి నేనే లొంగిపోయి, బల్లని మొదటిలా పెట్టి, ఎడమ రెక్క ఎంత లేవాలనుకుంటే అంత లేవనిచ్చి, కుడి రెక్కని దానికి సరిగ్గా వంచాను. ఆ మర్నాటి నుంచి రెండూ కదల్లేదు.

కార్తీకంలో ఒకరోజు, కొత్తగా అతికించిన కీలు మీద తెల్లటి దూది పోగొకటి కనిపించింది. బూరుగు దూది. కాయలు పగిలేది ఎండాకాలంలో.

"ఏ తలగడో సిరిగుంటాదే" అంది వదిన.

మా ఇంట్లో ఉన్నవన్నీ ఫోము తలగడలు. ఆ మాట అంటే వదిన ఒక్క క్షణం నావైపు చూసి, "అయితే ఊడ్సీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తను పడుకునే గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది.

అన్నయ్య చూపు మాత్రం ఆగలేదు. పేపరు మీద ఒక్కొక్క మాట వెతుక్కుని చదివే మనిషి, ఒక్కొక్క అక్షరం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం నేను రెక్క మీద గాలిపటాల కాగితం గంజితో అతికిస్తున్నాను. పడక్కుర్చీలోంచి పిలిచాడు.

"చెల్లీ, ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదన్నయ్యా."

"నీ పక్కన నిల్చున్నది ఎవరే మరి?"

నా పక్కన గోడ ఉంది. "నీకు పక్క చూపు లేదు కదా" అన్నాను.

"అదే ఆలోచిస్తున్నాను" అన్నాడు మామూలుగా. "పక్కనంతా చీకటే కదా. ఆ చీకట్లోనే కనబడుతోంది. నిలబడి, నీ చేతుల వంక చూస్తోంది."

భయమేసిందా అంటే వేసింది. చేతులు మాత్రం ఆపలేదు, గంజి ఆరిపోతుందని. కాగితం ఒక్క ముడత లేకుండా అతుక్కుంది.

ఆ వారంలోనే వడ్రంగి తాతగారు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చాడు. వచ్చినవాడు మెట్టు దగ్గరే ఆగిపోయాడు. అక్కడ ఆ రోజు విస్తరాకు ఇంకా ఉంది.

"ఇదేటమ్మాయిగోరూ?"

"మీరు చెప్పిందే తాతగారూ. ముద్ద."

"ఇక్కడెట్టేరా?"

"గుమ్మంలోనే పెట్టాను. రోజూ పెడుతున్నాను."

తాతగారు తలమీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఓలమ్మ... సెట్టున్న కాడ ఎట్టి, ఎనక్కి సూడకుండా రావాలమ్మా. అది అందరికీ తెలుసు కదాని నాను సెప్పనేదు. గుమ్మంలో అన్నమెట్టి, అదీ రోజూ ఎడతావుంటే ఇంకెందుకెల్తాది? ఇది తనిల్లే అనుకుంటాది."

బడికి వెళ్ళని లోటు నాకు ఎప్పుడూ తెలియలేదు గానీ, వీధిలోకి వెళ్ళని లోటు ఆ పూట తెలిసింది. పదిమందితో తిరిగిన ఏ ఆడమనిషీ చెయ్యని తప్పు చేశాను. గుమ్మంలో పెట్టేది ఇంటికొచ్చిన వాళ్ళకి. పంపించేయాల్సిన వాళ్ళకి ఊరి బయట పెడతారు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"బేగి ఓ ముద్ద మూట కట్టుకుని ఎల్లి, ఆ మొదలు కాడ ఎట్టీసి వచ్చీయండి. రేపే."

నేను మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. నిజం రాస్తున్నాను. రెక్కలకి ఇంకా వార్నీషు పట్టించలేదు. ముక్కులో సీసం గుళ్ళు పెట్టి తూకం సరిచెయ్యలేదు. ఈ లోపల దాన్ని పంపేస్తే కర్ర పగిలిపోతే? అన్నయ్యకి మిగిలిన వెలుగు ఎన్నాళ్ళదో నాకు తెలియదు. కొత్త కర్ర ఆరేదాకా ఆ వెలుగు ఆగదు. పని అయ్యేదాకా ఉంచుకుని, అయ్యాక పంపుదామనుకున్నాను. ఇంటికొచ్చిన వాళ్ళని ఇలా పనికి వాడుకోవడం తప్పేమోనని, ముద్దలో నెయ్యి కొంచెం ఎక్కువ వేసేదాన్ని.

మార్గశిరంలో కోతలయ్యాయి. ఒక ఆదివారం రెక్కలు విప్పి దుప్పట్లో చుట్టి, షేరాటో మొత్తం మేమే మాట్లాడుకుని బయలుదేరాం. కృష్ణదేవిపేట దారి నేనే చెప్పాను. చెట్టు మొదలు ఎక్కడుందో వాకబు చేసి, ముద్ద పెట్టేయాలని టిఫిను డబ్బాలో ఆకుతో సహా పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య ఆటోలో ముందు కూర్చున్నాడు. కరెంటు తీగలు లేని, కోసిన పొలం ఎక్కడైనా చాలు మాకు. దారిలో రెండు మూడు కనిపించాయి.

"ఇక్కడాపు" అన్నాడు అన్నయ్య ఉన్నట్టుండి.

దిగాను. కోసిన వరి మళ్ళు, దూరంగా కొండలు. మడి గట్టు మీద, రోడ్డు అంచున, పళ్ళెం పెట్టినట్టు తెల్లగా ఒక చెట్టు మొదలు.

అన్నయ్యకి అది కనబడే అవకాశం లేదు. ఆయన చూపు పట్టేది తిన్నగా ఎదురుగా అరచేయంత జాగానే. మమ్మల్ని బెంగపెట్టింది కూడా అదే. ఎగిరే వస్తువు ఆ గుండ్రంలోంచి ఒక్కసారి జారిపోతే మళ్ళీ ఆయన వెతికి పట్టుకోలేడు. మూడు నెలల పని ఒక్క రెప్పపాటులో దాటిపోవచ్చు.

దారం పట్టుకుని పరుగెత్తాల్సింది వదిన. నేను పరుగెత్తకూడదు, ఆయన పరుగెత్తలేడు. వదిన చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు విడిచి, "పడితే నవ్వారంటే ఇద్దరికీ రాత్రికి కూడు లేదు" అని హెచ్చరించి దారం చివర పట్టుకుంది. నేను రెక్కలు బిగించి, గ్లైడరుని తల మీదికెత్తి పట్టుకున్నాను. గాలి లేదు. ఎండ నడినెత్తిన ఉంది. ఆకు కదలడం లేదు. నా చేతుల్లో రెక్క మాత్రం సన్నగా వణుకుతోంది. ఒకసారి టక్ మంది.

"ఊఁ" అని వదిలాను.

వదిన వరి మోళ్ళ మీద అరుస్తూ పరుగెత్తింది. గ్లైడరు నిటారుగా లేచింది. దారం సడలి, కొక్కెం నుంచి రింగు జారి, దారం మెలికలు తిరుగుతూ కింద పడింది. ఆపైన చప్పుడు లేదు. అంతకుముందు మేం ఎగరేసినవన్నీ ఎటో ఒకవైపు సాగిపోయి గట్టుకి తగిలేవి. ఇది సాగలేదు. ఎడమకి ఒరిగి, ఆ చెట్టు మొదలు పైన, ఒకప్పుడు కొమ్మలుండే ఎత్తులో, చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గిరి గీసినట్టు ఒక్కచోటే. చెట్టు ఎంత మేర ఉండేదో ఆ తిరుగుడు చూస్తే తెలిసిపోతోంది.

"ఉంది" అన్నాడు అన్నయ్య. గట్టు మీద కూర్చోమన్నా కూర్చోకుండా మెడ ఎత్తి నిలబడ్డాడు. "ఉంది... వెళ్ళింది... ఆఁ, మళ్ళీ వచ్చింది. ఉంది."

తిరిగి తిరిగి అది ఆయన చూపు గుండ్రంలోకే వస్తోంది. ఆయన వెతకనక్కర లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకునేలోపు ఎక్కడ తప్పిపోతుందోనని. వదిన ఒగురుస్తూ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. వెక్కిరించలేదు.

గ్లైడరు చుట్టు చుట్టుకీ పైకి పోయింది. కాసేపటికి చుక్కయింది. ఆ తర్వాత నాకు కనబడలేదు. వదినకీ కనబడలేదు.

"ఉంది" అన్నాడు అన్నయ్య.

నేను డబ్బా తెరిచి ఆకు చేతిలోకి తీసుకున్నాను. మొదలు పక్కన నిలబడ్డాను. పెట్టేస్తే అది వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే ఆయన చూసేది ఇంక ఉండదు. పెట్టకపోతే మళ్ళీ మాతో ఇంటికొస్తుంది. ముద్ద చల్లారిపోయింది. నా చెయ్యి కిందికి దిగలేదు. అన్నయ్య "ఉంది, ఉంది" అంటూనే ఉన్నాడు, చిన్న గొంతుతో, జపం చేసుకున్నట్టు. ఎంతసేపో చెప్పలేను. మొదలు మీద పడ్డ నా నీడ కొంచెం పక్కకి జరిగింది.

"ఇంక చాలు చెల్లీ" అన్నాడు ఆకాశం నుంచి కళ్ళు దించకుండా. "పెట్టెయ్."

ముద్ద సంగతి ఆయనకి నేను చెప్పలేదు. అప్పుడు ఆయన నావైపు చూడనూ లేదు.

పెట్టాను. "అడక్కుండా కొట్టినా అన్నం తిని, అడిగింది చేసిపెట్టావు తల్లీ. నీ రుణం ఉంచుకోను" అని మోకాళ్ళ మీద వంగి దండం పెట్టాను. లేచి, అన్నయ్య చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా రోడ్డు వైపు నడిచాను.

"ఇదేటి, ఇమానం ఎక్కడ పడ్డాదో సూడరా?" వదిన వెనకనుంచి అరిచింది. "మూడు నెల్ల పనండీ బాబూ!"

"తిరిగి చూడకు వదినా. వచ్చెయ్."

తను చూడలేదనే అంటుంది.

చలికాలం దాటకముందే అన్నయ్య చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు కొత్త విమానాల పక్కటెముకల అంచులు చేత్తో తడిమి, గరుకు కాగితంతో నునుపు చేస్తాడు. కళ్ళున్నప్పటికన్నా బాగా చేస్తాడు. మిగిలిన రెండు బూరుగు పలకలు బల్ల మీదే ఉన్నాయి. మధ్యాహ్నాలు అవి చప్పుడు చెయ్యవు. ఏ కొసా లేవలేదు, స్కేలు పెట్టి చూశాను. గుమ్మంలో నేను మళ్ళీ ఏమీ పెట్టలేదు.

అప్పుడప్పుడు, భోజనాలయ్యాక, అన్నయ్య చేతిలో పని ఆపి, నా పక్కన గోడ ఉన్న వైపు ముఖం తిప్పి కాసేపు అలాగే ఉంటాడు. తర్వాత మళ్ళీ పని చేసుకుంటాడు. నేను అడగను. గిన్నెలో ఆ పూట కొంచెం అన్నం మిగిల్చి మూత పెడతాను.